చెవి పూడకుండా

అక్షయ తదియ నాడు
పూర్ణా మార్కెట్ వీధిలో ఊరంతా బంగారం కొంటుంది.
అదే వీధి చివర తాకట్టు కొట్లో
నేను మనుషుల మెడల్నీ చేతుల్నీ తూస్తుంటాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే కుర్చీ.
నాన్న ఇచ్చిన గీటురాయి మీద
ఎన్ని పెళ్లిళ్లు గీశానో, ఎన్ని ఆపరేషన్లో,
ఎన్ని కాలేజీ ఫీజులో.
గీత చూసి ఎంత రాగి కలిసిందో చెప్పేస్తాను.
గీసే చేతిలో ఏం కలిసిందని మాత్రం
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కొండ మీద ఈ ఒక్కరోజే
అప్పన్న గంధం ఒలుచుకుని కూర్చుంటాడు.
పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే,
వేసవి రాత్రుళ్లు కొండ దీపాలు కనిపించే డాబా మీదే పడుకున్నాను,
నిజరూపం చూడలేదు.
మాకు గిరాకీ ఈ రోజే మరి.

మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది గరికిన కొర్లమ్మ,
పెదజాలారిపేట నుంచి, ఖాళీ గంపతో.
వేట నిషేధం. పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకున్న రోజులు.
గంప అద్దాల తలుపు అవతలే పెట్టి,
కుర్చీ చూపిస్తే కూర్చోకుండా,
నిలబడే దుద్దులు విప్పింది.

"అందరూ పెట్టుకునే రోజమ్మా ఇది, నువ్వు తీస్తున్నావేం?"
నా ఉద్యోగానికి తగని మాట, నోరు జారింది.
చుట్ట మరకల పళ్లతో నవ్వింది.
"అప్పన్నబాబే ఇయ్యాల ఒలిసీసుకుని కూకున్నాడు కదేటి,
నాకేటి సిగ్గు!"

గీశాను. పాత బంగారం, మేలిమికి దగ్గర.
లక్క పోను మూడు గ్రాముల నాలుగొందల మిల్లీ.
ఇక ఫారంలో గడులు.
అప్పు ఎందుకు? వైద్యానికి.
ఎవరికి? కేజీహెచ్‌లో ఒకావిడికి.
నీకేమవుతుంది?
కాసేపు ఆలోచించింది.
"మా కోడలి పక్క మంచం."
పేరు?
"అడగనేదు బాబూ. రాతిరంతా మూలుగుతాది.
స్కానింగు బయట తీయించాలంటన్నారు,
ఆలికి ఎవులూ నేరు."

బంధుత్వం గడిలో 'పక్క మంచం' అని కొట్టాను.
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
'బంధువు' అని కొట్టాను.
ఒప్పుకుంది.

నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి రొంటిన దోపుకుంది.
మూలనున్న చీపురు లోంచి
రెండు పుల్లలు తుంచి
చెవి కన్నాల్లో గుచ్చుకుంది.
"ఖాళీగా ఒగ్గీస్తే పూడిపోద్ది" అంది
నాకు చెప్పినట్టు కాదు, చెవులకి చెప్పినట్టు.
గంప నెత్తిన పెట్టుకుని జనంలో కలిసిపోయింది.
ఆ తర్వాత మూడు గాజుల జతలు తప్పు తూచాను.

కొట్టు కట్టేశాక ఇంటి బస్సు వదిలేసి
సింహాచలం బస్సెక్కాను.
తొలిపావంచా చేరేసరికి దర్శనాలు ఆపేశారు.
దిగివస్తున్న వాళ్ల మీద చెమటా సంపెంగా కలిసిన వాసన.
మజ్జిగ పందిరి దగ్గర ఒక పెద్దాయన్ని అడిగాను, ఎలా ఉన్నాడని.
"తొమ్మిది గంటలు నిలబడ్డాను. రెప్పపాటులో తోసేశారు."
ఏం కనిపించింది?
"రాయి."
మజ్జిగ తాగాడు. గ్లాసు తొలిచి బోర్లించాడు.
"ఒట్టి రాయేనండి. ఎందుకో ఏడుపొచ్చింది."

జేబులో నా రాయి ఉంది.
తాళాలతో పాటు పొరపాటున వేసుకొచ్చినట్టున్నాను.
చీకట్లో తడిమాను.
ఊరివాళ్ల బంగారమంతా పొడిపొడిగా దీని మీదే కదా మిగిలింది,
రోజూ రాత్రి కొబ్బరినూనె పూసి తుడిచేస్తాను,
ఇవాళ మర్చిపోయాను.

పైన ఈపాటికి
మళ్లీ గంధం పూయడం మొదలెట్టి ఉంటారు.
కింది మెట్టు మీద కూర్చున్నాను.
చిన్నప్పుడు నాకూ చెవులు కుట్టారు,
తాతే కుట్టాడు, బెల్లంముక్క నోట్లో పెట్టి.
వేళ్లతో వెతుక్కున్నాను.
ఎప్పుడు పూడిపోయాయో.

మెట్లు ఊడ్చినవాళ్లెవరో
చీపురు
గోడకి ఆనించి వెళ్లారు.